వేలిముద్ర వేసినామె అమాయకురాలా?

"కోర్టు నిర్దోషి అంటుంది, ఊరు అమాయకుడు అంటుంది. రెండూ ఒకటే కదా అమ్మీ?" అన్నాడు చిన్నాయన. మదనపల్లెలో చాలాకాలం సివిల్ కేసులు నడిపిన వకీలు ఆయన. నేను కుప్పంలో భాషా పాఠాలు చెప్పుకునేదాన్ని.

"ఒకటెట్లా అవుతాయి చిన్నాయనా? నిర్దోషి అనాలంటే ముందు ఎవరో ఒకరు నింద వేయాలి, విచారణ జరగాలి. అమాయకుడు అనడానికి అవేవీ అక్కర్లేదు. మనిషిని చూడగానే అనేస్తాం, జాలిపడి మరీ అంటాం. కుప్పంలో ఒకే అంగడి ముందు మూడు భాషలు వినబడతాయి. తమిళం మాట్లాడేవాళ్లు అప్పావి అంటారు, కన్నడం వాళ్లు ముగ్ధ అంటారు, మనం అమాయకుడంటాం. ఏ భాషలో అన్నా, పాపం లోకం తెలియదన్న జాలి అందులో ఉంటుంది."

"లోకం తెలియకపోవడమే కదా అసలు సంగతి! చట్టమూ అక్కడే మొదలుపెడుతుంది. ఏడేళ్లలోపు బిడ్డ చేసింది నేరం కాదని భారతీయ న్యాయ సంహిత 20వ సెక్షన్. పాత శిక్షాస్మృతిలో అది 82. ఏడు దాటి పన్నెండు నిండని బిడ్డయితే, చేసే పనేమిటో, దానివల్ల ఏం జరుగుతుందో తెలిసేంత బుద్ధి వచ్చిందా అని చూస్తారు. తెలివి వచ్చేకొద్దీ బాధ్యత మీద పడుతుంది. ఇక నిర్దోషిగా విడుదల అని పేపర్లు రాస్తాయే, చాలా తీర్పుల్లో ఉండేది నేరం రుజువు కాలేదనే. మనసు శుద్ధిగా ఉందా లేదా అని తేల్చే పని కోర్టుది కాదు."

"బిడ్డల సంగతి ఒప్పుకుంటాను. మన అలంకారశాస్త్రంలోనూ ముగ్ధ, మధ్య, ప్రౌఢ అని నాయికలకు వరస ఉంది. అక్కడ ముగ్ధత్వం దాటిపోయే దశ. నేనడిగేది పెద్దవాళ్ల గురించి. అన్నీ తెలిశాక కూడా కల్మషం అంటని మనిషిని ఏమంటాం?"

"అట్లాంటి మనిషి ఉంటే కదా పేరు పెట్టేది!"

"మీరే చెప్పారు ఒకసారి, పుంగనూరు పక్క పల్లె ఆమె గురించి."

చిన్నాయన వెంటనే బదులివ్వలేదు. ఆ కేసు ఆయనకు బాగా గుర్తుంది. మొగుడు పోయిన మనిషి. కూతురి పెళ్లికి డబ్బు కావలసి మరిదిని అడిగింది. అతను అప్పు ఇచ్చాడు, హామీగా రెండెకరాల చేను తన పేర అమ్మకం రాయించుకున్నాడు. బాకీ తీరిస్తే తిరిగి రాసిస్తానన్నాడు. రిజిస్ట్రేషన్ రోజున ఊదా సిరాలో బొటనవేలు అద్ది, చూపిన చోటల్లా ముద్ర వేసి, మిగిలిన సిరా తల వెంట్రుకలకు తుడుచుకుని ఇంటికి పోయింది. అసలూ వడ్డీ పట్టుకుని వెళ్లిన నాడు మరిది, నీ చేనెక్కడిది, అమ్మేశావు కదా అన్నాడు.

"కాగితంలో ఏముందో తెలియదని, అప్పు పత్రమనే అనుకున్నానని చెబితే కేసు మరోలా నడిచేది" అన్నాడు చిన్నాయన. "చదువురాని మనిషి, ఆ మాట ఎవరైనా నమ్ముతారు. బోనులో నిలబడి ఏమనిందో తెలుసా? 'అమ్మకం కాగితమేనని నాకు తెలుసు సామీ. మా మరిది మాట ఇచ్చినాడని ఏసినా' అనింది. కేసు పోయింది. ఊరంతా అమాయకురాలనింది."

"అమాయకురాలు కాదు కదా ఆమె! తనేం చేస్తోందో తెలిసే చేసింది. అబద్ధం చెబితే చేను దక్కే దారి ఉందనీ ఆమెకు తెలుసు. ఏదీ తెలియనిది కాదు. తెలిసీ ఆ దారి తొక్కలేదు."

"తెలివితక్కువ అంటారు దాన్ని."

"మీరంటారా?"

"నేనను" అన్నాడాయన. నాకు ఆ మాటే కావాలి.

అన్నీ తెలిసీ కల్మషం అంటని మనిషి మాట మదనపల్లెలో వస్తే తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి గుర్తుకు రాకుండా ఉండడు. 1895లో అక్కడే పుట్టాడు. దివ్యజ్ఞాన సమాజం వాళ్లు ఆయన్ని జగద్గురువుగా తీర్చిదిద్దాలనుకున్నారు. తండ్రి నారాయణయ్య 1910లో ఆయన్నీ తమ్ముణ్నీ ఆ సమాజం అధ్యక్షురాలు అనీ బిసెంట్ సంరక్షణకు అప్పగిస్తూ సంతకం చేశాడు. తర్వాత మనసు మార్చుకుని 1912లో దావా వేశాడు. మద్రాసులో గెలిచాడు, 1914లో ప్రివీ కౌన్సిల్‌లో ఓడాడు.

"ఆ దావా మేం చదువుకున్నదే" అన్నాడు చిన్నాయన. "పెద్దవాళ్లు ఇద్దరు పిల్లల కోసం కొట్టుకున్నారు. మద్రాసు విచారణలో ఆ పిల్లల తరఫున నిలబడినవాళ్లు లేరు."

"ఆ పెద్దబ్బాయి తర్వాత చూసింది తక్కువా? జబ్బుపడ్డ తమ్ముడు నిత్యానంద బతుకుతాడని చుట్టూ ఉన్నవాళ్లు గట్టిగా నమ్మించారు. 1925లో ఆ తమ్ముడు పోయాడు. ఆ దుఃఖంలోంచి నడిచి, 1929లో నెదర్లాండ్స్‌లోని ఓమెన్‌లో తన కోసమే కట్టిన సంఘాన్ని తానే రద్దు చేశాడు. దెబ్బ తగలనివాడు కాదాయన. గాయాన్ని మోసుకు తిరగని మనసే నిష్కల్మషమని ఉపన్యాసాల్లో పదేపదే చెప్పింది అలాంటి మనిషి. ఆయన వాడిన ఇన్నొసెన్స్ అనే ఇంగ్లిషు మాటకు ఎవరికీ హాని చేయకపోవడం అని లాటిన్‌లో మూలార్థం. ఈయన దాన్ని లోపలికి తిప్పాడు."

"ఆయనకు ఋషివ్యాలీ బడి ఉండేది, వినేవాళ్లు ఉండేవాళ్లు. ఈమెకు చేను పోయింది. నిష్కల్మషం చేను తిరిగి తెచ్చిందా?"

"చేను పోయింది మరిది మాట తప్పడం వల్ల. మనమేమో అమాయకత్వం వల్ల పోయిందంటున్నాం. మోసం చేసినవాడి పనిని మోసపోయినామె లక్షణంగా రాసేస్తున్నాం. చీటీల పేరుతో ముంచినా, మండీలో తరుగు పేరుతో తీసుకున్నా అదే వాక్యం: అమాయకులు మోసపోయారు. అందులో కర్త ఎవరు చిన్నాయనా? ముంచినవాడు వాక్యంలోనే లేడు."

చిన్నాయన తల ఊపాడు గానీ, వదల్లేదు. "సరే, ఆమె మనవరాలు నీ దగ్గర చదువుకుంటే ఏం చెబుతావు? మాట నమ్మమంటావా, నమ్మొద్దంటావా?"

"నమ్మమనే చెబుతాను. కాగితం చదివి ముద్ర వేయమని కూడా చెబుతాను. బోనెక్కాల్సి వస్తే అవ్వ చెప్పినట్టే చెప్పమంటాను."

"ఓడిపోతుంది మళ్లీ!"

"తిరిగి రాసిస్తానన్న మాట కూడా కాగితం మీదికి ఎక్కితే?"

"అప్పుడు ఓడదు" అన్నాడు. అలాంటి ఒప్పందంలో గడువు ఎలా రాయాలో, అమ్మకంతోపాటే దాన్ని కూడా ఎందుకు రిజిస్టరు చేయించాలో చెప్పడం మొదలుపెట్టాడు.