కిరీటం ముద్ర ఉన్న తుపాకీ ఎవరిది?

కాలేజీలో తత్వశాస్త్రం చెబుతూ ఎన్‌సీసీ బాధ్యత కూడా చూసేవాణ్ణి. మా కోత్‌లో, అంటే ఆయుధాల గదిలో, ఉన్నవన్నీ పాత త్రీనాట్‌త్రీ రైఫిళ్లే. సైన్యం వాడేశాక, కాల్చడానికి వీల్లేకుండా చేసి, డీపీ అని ముద్ర కొట్టి డ్రిల్లుకిచ్చిన సరుకు.

ఒకదాని బట్ సాకెట్ మీద కుడివైపు కిరీటం, దాని కింద జీఆర్‌ఐ, 1942. హుగ్లీ ఒడ్డున ఇషాపూర్ ఫ్యాక్టరీలో చేసింది. జీఆర్‌ఐ అంటే రాజు, చక్రవర్తి అయిన జార్జి. స్వాతంత్ర్యం వచ్చాక ఆ ఫ్యాక్టరీ కిరీటం మానేసి అశోకుడి సింహాలు కొట్టింది. దీని మీద కిరీటం మాత్రం అలాగే ఉండిపోయింది. బోల్ట్ హ్యాండిల్ వెనక పాత నంబరును కొట్టేసి, పక్కనే రిసీవర్ నంబరు వేశారు. ఏ బోల్టు పడితే ఆ బోల్టు దూర్చడానికి వీల్లేదు మరి. సరిగ్గా కూర్చోకపోతే తూటా వెనక సందు పెరిగి, పేల్చేటప్పుడు కేసు చిట్లుతుంది. ముందు చెక్క కూడా ఎప్పుడో మార్చిందే, రంగే చెబుతుంది.

"ఇది బ్రిటిషోళ్లదా సార్, మనదా?" అన్నాడొక క్యాడెట్.

వైశేషిక తాత్వికుణ్ణి అడిగితే, ఒక్క అవయవం మారినా పాత అవయవి, అంటే మొత్తం వస్తువు, నశించి కొత్తది పుట్టిందంటాడు. ఆ లెక్కన బోల్టు మార్చిన రోజే జార్జి తుపాకీ పోయింది. ఒక బౌద్ధ గ్రంథంలో నాగసేనుడనే భిక్షువు మిళింద రాజుకి రథం చూపించి, చక్రం రథమా, ఇరుసు రథమా అని అడుగుతూ పోయాడు; చివరికి మిగిలింది పేరొక్కటే. క్లాసులో అందరికీ నచ్చేది ఈ రథమే. నాకు నచ్చేది అదే గ్రంథంలోని మామిడిపళ్ల దొంగ. నువ్వు నాటిన పండు వేరు, నేను కోసిన పండు వేరు, కాబట్టి నాది దొంగతనం కాదంటాడు వాడు. శిక్ష తప్పదంటాడు నాగసేనుడు. కోసిన పండు నాటిన పండు నుంచి వచ్చిందే కదా! ఒకటే కాకపోయినా, తెగిపోలేదు.

బోల్టు మీద కొత్త నంబరు వేసిన ఆర్మరరూ ఇది పాతదేనని అబద్ధమాడలేదు. ఇక నుంచి ఈ రిసీవర్‌కి ఈ బోల్టే జవాబుదారీ అన్నాడంతే.

"మనదే, కిరీటంతో సహా" అన్నాను.

ఆ క్యాడెట్‌ది తెనాలి. 1942 ఆగస్టు 12న అక్కడ పోలీసు కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు. అక్కడి రణరంగ చౌక్‌కి ఆ పేరు అందుకే. కిరీటం దగ్గర వేలు పెట్టి, "అయితే ఆ కాల్పులు కూడా మనవేనా సార్?" అన్నాడు.

పోలీసు వ్యవస్థనూ, 1861 నాటి పోలీసు చట్టాన్నీ మనం కొనసాగించుకున్నాం. పళ్లు కోసుకుంటూనే ఉన్నాం. అవునన్నాను. వాడికి నచ్చలేదు.