ఎలైజా మాట, క్లారా ముచ్చట

కొందరు అమెరికన్లకి బ్రిటిష్ వాడుక మాటలంటే మహా మోజు. బిత్తరపోతే ‘గాబ్‌స్మాక్డ్’, అలసిపోతే ‘నాకర్డ్’ అంటూ మురిసిపోతారు. ఈ మోజు మీద అమెరికన్ రచయిత బెన్ యగోడా 2024లో ఏకంగా పుస్తకమే తెచ్చాడు. ఇందులో తప్పేముంది? మాటలకి పట్టాలుండవు కదా!

ఉండవు, నిజమే. కానీ మాటకి ఖరీదుంటుంది. అది ఎవరు చెల్లించారన్నదే ప్రశ్న.

1914లో లండన్‌లో బెర్నార్డ్ షా ‘పిగ్మేలియన్’ ఆడినప్పుడు, పూలమ్ముకునే ఎలైజా నోట ‘బ్లడీ’ అన్న మాట విని పత్రికలు గగ్గోలు పెట్టాయి. నాటకంలో ఆమెకి దొరసాని ఉచ్చారణ నేర్పారు. అయినా ఆ ఒక్క మాట ఆమె పుట్టిన చోటుని పట్టిచ్చింది. అదే గదిలో ఉన్న పెద్దింటి పిల్ల క్లారా, అదేదో కొత్త ఫ్యాషననుకుని, వెళ్తూ వెళ్తూ తనూ అనేస్తుంది. తల్లి కంగారుపడుతుంది, అంతే. క్లారా పుట్టుకని ఎవరూ ప్రశ్నించరు.

సముద్రం దాటిన మాటకి జరిగేదీ ఇదే. అమెరికన్ చెవికి దాని ముద్దు వినిపిస్తుంది, అందులోని వర్గం వినిపించదు. ‘నాకర్డ్’ వెనక, పని చేసి చేసి చతికిలబడిన గుర్రాల్ని కొని చంపే ‘నాకర్’ ఉన్నాడు. ఆడపిల్లని ‘బర్డ్’ అనడం కూడా ఆ ముద్దులో కలిసిపోతుంది. అక్కడి స్త్రీలకి చిరాకు తెప్పించిన మాట ఇక్కడ చమత్కారమవుతుంది.

వాడొద్దనడం లేదు. అరువు లేకుండా ఏ భాషా బతకదు. అయితే, మాటని ఇష్టపడేవాళ్లు అది ఎవరి నోట తప్పయిందో, ఎవరిని చిన్నబుచ్చిందో కూడా తెలుసుకోవాలని కోరడం అత్యాశేమీ కాదు.