అరువు తెచ్చిన ఊరు

ఒక ఊరిలో పుట్టిన ఆలోచన మరొక ఊరికి పోవడం కొత్త సంగతి కాదు. ఇంగ్లండులో ఎబెనీజర్ హోవర్డ్ 1898లో ప్రతిపాదించిన ఉద్యాననగరం అనతికాలంలోనే అనేక ఖండాలకు వ్యాపించినది. నగరాలు ఒకదానినుండి ఒకటి నేర్చుకొనడం మంచిదే. కాని అరువు తెచ్చిన ఆలోచన వలన కీడు వాటిల్లినప్పుడు దానికి పూచీ ఎవరిది? ఈ ప్రశ్న మహానగరాలలో కంటె బస్తరు అడవిలోని బాసగూడ వద్ద స్పష్టంగా వినిపిస్తుంది.

బాసగూడ తాలిపేరు ఒడ్డున ఉన్న సంత ఊరు. ఆ ఏరు దిగువకు పారి, చర్ల సీమ దాటి గోదావరిలో కలుస్తుంది. 2005లో సల్వాజుడుం ఆరంభమైన పిమ్మట ఈ ప్రాంతపు పల్లెలు ఖాళీ అయినవి. కొందరిని రహదారి పక్కన పోలీసు కాపలాగల శిబిరాలకు చేర్చినారు. మరికొందరు అడవిదారిన నాటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాకు తరలిపోయినారు. సల్వాజుడుం అనే గోండీ మాటకు అధికారులు శాంతియాత్ర అని అర్థం చెప్పినారు. మూలానికి దగ్గరి అర్థం శుద్ధి వేట. అనువాదంలో వేట జారిపోయినది.

చెదరిన పల్లెలను కాపలాలోనికి కూర్చే ఈ పద్ధతికి వంశవృక్షం ఉన్నది. 1950లో మలయాలో బ్రిగ్స్ ప్రణాళిక కింద దాదాపు 5,00,000 మందిని కంచెలుగల కొత్త గ్రామాలకు మార్చినారు. అక్కడ పనిచేసిన రాబర్ట్ థాంప్సన్ 1961లో సైగాన్‌కు సలహాదారుగా వెళ్లినాడు; మరుసటి ఏడు దక్షిణ వియత్నాంలో వ్యూహాత్మక గ్రామాలు వెలసినవి. 1967లో మిజో కొండలలోను పల్లెలను రహదారి వెంట కూర్చినారు. బస్తరుకు ఆలోచన ఏ దారిన వచ్చినా, రూపం అదే.

అయితే ప్రయాణం చేసినదేమిటి? కంచె, పహరా, పేర్ల జాబితా. ప్రయాణం చేయనివి పరిస్థితులు. మలయాలో తరలింపబడినవారిలో చాలామంది భూమిపై హక్కులేని చీనా కాపురస్థులు; ఆ దేశానికి 1957లో స్వాతంత్ర్యమూ వచ్చినది. వియత్నాం రైతు పూర్వుల సమాధులను విడువలేనివాడు. 1963లో పాలకుడు దియెమ్ హతుడైన పిమ్మట ఆ గ్రామాల ఏర్పాటు కూలిపోయినది. బస్తరు ఆదివాసికి ఊరంటే ఇండ్ల గుంపు కాదు. ఇప్పచెట్టు, చేను, వాగు, ఊరిదేవర కలిసినదే ఊరు. దానిని రహదారి పక్కకు మోయడం సాధ్యం కాదు.

సాయుధులనుండి ప్రజలను కాపాడడం ప్రభుత్వ ధర్మం కాదా అని అడగవచ్చు. అవును, ధర్మమే. మావోయిస్టుల హింస కల్పితం కాదు. కాని 2006 జూలైలో వారు ఎర్రబోరు శిబిరంపై పడి 30 మందికి పైగా చంపినారు. రక్షణకై కూర్చిన చోటే గురి అయినది. శిబిరానికి రానివాడు శత్రువుగా అనుమానింపబడినాడు. పారిపోయి తిరిగివచ్చినవారుండిన పల్లె, బాసగూడకు సమీపంలోని సర్కేగూడ. 2012 జూన్‌లో అక్కడ భద్రతాదళాల కాల్పులలో 17 మంది మరణించినారు. వారు మావోయిస్టులనేందుకు సాక్ష్యం లేదని న్యాయవిచారణ 2019లో తేల్చినది. ఆదివాసి యువకులను ప్రత్యేక పోలీసులుగా ఆయుధాలిచ్చి పంపడం రాజ్యాంగవిరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలై 5ననే తీర్పు చెప్పి ఉన్నది.

ఆలోచనను మోసుకొని వచ్చినవారందరూ ఒక తీరువారు కారు. పాట్రిక్ గెడ్డిస్ 1914లో భారతదేశానికి వచ్చేటప్పుడు ఆయన నగరప్రదర్శన పటాలను తెచ్చే ఓడను ఎమ్డెన్ ముంచివేసినది. మిత్రులు వేరే పటాలు సమకూర్చినారు. అయినా ఆయన వాటిని మన ఊళ్లపై పరచలేదు; వీధివీధి నడిచి చూచినాడు. పరిశీలన ముందు, ప్రణాళిక తరువాత అన్నది ఆయన నియమం.

ఆ నియమంలో ఒక నీతి ఉన్నది. పటం గీచినవాడు దూరాన ఉంటాడు, అమలు జరిపినవాడు ఆజ్ఞ అంటాడు. నడుమ పూచీ మాయమవుతుంది. అందుచేత అరువు తెచ్చినవాడే పూచీ వహించవలె. ఆ ఊరిలో బ్రతుకవలసినవారికి వద్దని చెప్పే హక్కు ఉన్నదా అని అతడు మొదట అడగవలె. ఆ హక్కు లేనిచోట వచ్చినది ఆలోచన కాదు, ఆజ్ఞ.