టంకము పిదప మిగులు బాధ్యత

పని ఎప్పుడు ముగిసినట్లు? చేయి ఆగినప్పుడా, కంటికి నచ్చినప్పుడా, లేక దానివలన మున్ముందు కీడు కలుగదని నిశ్చయమైనప్పుడా? ఈ ధర్మసందేహము తీరుటకు రాగితీగెలను టంకముతో అతుకు పనివాని చేతిని పరిశీలించినను చాలును.

రాగి 1085 డిగ్రీల సెంటిగ్రేడు వద్దగాని కరగదు. తగరము 63 పాళ్లు, సీసము 37 పాళ్లు గల టంకము 183 డిగ్రీలకే కరగును. కనుక రాగి కరగకయే అతుకు కుదురును. కాని వేడి తగులగనే రాగిపై ప్రాణవాయువు వలన మలినపు పొర ఏర్పడును. దానిపై టంకము పట్టదు. ఆ పొరను తొలగించి, మరల ఏర్పడకుండ కాచునది ఫ్లక్సు. అది లేనిదే గట్టి అతుకు లేదు.

అతుకు చల్లారిన పిమ్మట ఆ ఉపకారి ఏమగును? ఇచ్చటనే వివేకము కావలెను. సరళవృక్షపు జిగురునుండి లభించు రోజిను గట్టిపడి, సాధారణముగా రాగికి కీడు చేయక ఊరకుండును. జింకు క్లోరైడు, నవాసారము గల ఫ్లక్సు అట్టిది కాదు. దాని శేషము గాలిలోని తేమను పీల్చి రాగిని కొంచెము కొంచెముగా తినివేయును. పచ్చని చిలుము పట్టి తుదకు తీగె తెగవచ్చును. అందుచేత విద్యుత్తు తీగెలకు దానిని వాడరాదు. ఇతరమైన రాగిపనికి వాడినచో గోరువెచ్చని నీటితో బాగుగ కడిగి, పూర్తిగా ఆరబెట్టవలెను.

రోజిను నీటికి కరగదు. ఐసోప్రొపైల్ ఆల్కహాలు పూసి, కుంచెతో రుద్ది, కరిగిన మడ్డి ఆరకముందే శుభ్రమైన గుడ్డతో అద్ది తీయవలెను. అది మంటనంటుకొను ద్రవము కనుక కాగిన సోల్డరింగ్ ఐరను దాపున ఉండరాదు. అద్ది తీయనిచో మురికి పలుచబడి నలుదిక్కుల పరచుకొనును. కడుగనక్కరలేని రకపు ఫ్లక్సును సగము కడుగుటకంటె కదపకుండుటయే మేలు. పలుపోగుల తీగెలో ఫ్లక్సు పోగుల నడుమ ప్రాకి, పైతొడుగు క్రిందికి చేరును. అచ్చటికి కుంచె అందదు. పిదప కడుగలేని చోట ముందే మితము పాటింపవలెను.

మొదటినాడు శుభ్రపరచిన అతుకును, పరచని అతుకును ఒకే తీరున పనిచేయును. దీపము వెలుగును; కూలి చేతబడును. లోపము బయటపడునాటికి పనివాడు అచ్చట ఉండడు. అడుగువారు లేనప్పుడు బాధ్యత ఎక్కడిదని కొందరు అనవచ్చును. శిక్షకు సాక్షి కావలెను, బాధ్యతకు అక్కరలేదు. కీడు నెరిగియు విడిచినవాడు కాలము గడిచినంత మాత్రమున నిర్దోషి కానేరడు. త్వరపెట్టి, కడుగుటకు పట్టు సమయమునకు కూలి ఈయని యజమానియు ఆ చిలుములో భాగస్వామియే.

పనికి తోడ్పడిన దానిలో దేనిని తొలగింపవలెనో, దేనిని ఉంచవలెనో ఎరుగుటయు కాయకములోని భాగమే. మన వెనుక మరియొకరు బాధపడవలసిన శేషము మిగులనప్పుడే పని ముగిసినదని చెప్పదగును.