సుషీకి స్వభావం ఉందా?

లాస్ ఏంజెలెస్, లండన్, దుబాయి, హైదరాబాదు వంటి నగరాల్లో ఈనాడు కనిపించే ‘ఆసియన్ ఫ్యూజన్’ రెస్టారెంట్లలో, అంటే పలు ఆసియా దేశాల వంటపద్ధతులను ఒకే పళ్ళెంలో కలిపి వడ్డించే భోజనశాలల్లో, సుషీ అనే జపాను వంటకం పుట్టింటివారు గుర్తుపట్టలేని వేషాలు వేస్తోంది. వెనిగరు కలిపిన అన్నం, పచ్చి చేప ముక్క, కాస్తంత వసాబి, ఇంతటితో ముగిసే వంటకం ఇక్కడ మామిడిపండునూ క్రీమ్ చీజ్‌నూ కొరియా కిమ్చీనీ హలపేన్యో మిరపకాయనూ వెంటబెట్టుకొని వస్తుంది. ఇది సుషీయే కాదని కొందరు, రుచిగా ఉంటే పేరుతో పనేమిటని మరికొందరు వాదించుకుంటారు. పైకి అభిరుచుల తగాదాలా కనిపించే ఈ వాదానికి అడుగున తత్త్వశాస్త్రంలోని పాత ప్రశ్న ఒకటుంది: ఒక వస్తువును ఆ వస్తువుగా నిలిపేది దానిలోని మారని సారమా, లేక దాని చుట్టూ కూడిన పరిస్థితులా? మతం దృష్టితో అడిగితే అదే ప్రశ్న మరోలా వినిపిస్తుంది: భోజనంలో దోషమంటూ ఉంటే అది పదార్థంలో ఉంటుందా, తినేవాడి ఎరుకలో ఉంటుందా?

సారం ఉందని నమ్మేవారి పక్షాన ఒకప్పుడు జపాను ప్రభుత్వమే నిలిచింది. విదేశాల్లోని జపాను భోజనశాలల్లో అసలైనవేవో తేల్చి ధ్రువపత్రాలు ఇవ్వాలని 2006లో ఆ దేశపు వ్యవసాయ మంత్రిత్వశాఖ ప్రతిపాదించగా, అమెరికా పత్రికలు దానికి ‘సుషీ పోలీసు’ అని పేరు పెట్టి ఎగతాళి చేశాయి. పథకం అనుకున్న రూపంలో అమలుకు రాలేదు. ఎగతాళి మాట అలా ఉంచితే, ఆ పథకానికి అసలు చిక్కు వేరే ఉంది. ఏ కాలపు సుషీని అసలుదిగా ఎంచుకోవాలి?

సుషీ చరిత్రలో మనకు తెలిసిన అతి పాత రూపం నరేజుషి. ఆగ్నేయాసియాలో వరి పండే నదీతీరాల్లో పుట్టి క్రమంగా జపాను చేరిందని పండితులు భావించే ఈ పద్ధతిలో, ఉప్పు పట్టించిన చేపను వండిన అన్నంలో కూరి నెలల తరబడి ఊరబెట్టేవారు. అన్నం పులిసి చేపను చెడకుండా కాపాడేది, తినేవేళకు ఆ అన్నాన్ని పారవేసి చేపను మాత్రమే తినేవారు. క్యోటోకు దగ్గరలోని బివా సరస్సు తీరాన నేటికీ తయారయ్యే ఫునజుషి ఈ వంశానిదే, కాని దాని ఘాటు తగిలినవారికి నేటి సుషీ దాని సంతతేనంటే నమ్మబుద్ధి కాదు. చేత్తో అన్నపు ముద్ద ఒత్తి పైన చేప ముక్క పరిచే నిగిరి, అంటే ప్రపంచమంతా ‘సంప్రదాయ సుషీ’గా ఎంచే రూపం, 1820ల ప్రాంతంలో ఎదో నగరంలో, అనగా నేటి టోక్యోలో, నిలబడి తిని వెళ్ళిపోయే తీరికలేని జనం కోసం వచ్చింది, దాన్ని ప్రాచుర్యంలోకి తెచ్చిన ఘనతను హనయ యోహెయ్ అనే వంటవాడికి ఇస్తారు. నెలలు పట్టే పులుపును వెనిగరు క్షణంలో తెచ్చిపెట్టడం వల్లనే అది కుదిరింది. 1804లో హందా పట్టణంలో నకానో మతజయెమోన్, బియ్యపు మద్యమైన సాకేను వడగట్టగా మిగిలే పిప్పి నుంచి వెనిగరు చేయడం మొదలుపెట్టి ఉండకపోతే నిగిరి రుచి మరోలా ఉండేదేమో. పాత పద్ధతికి కట్టుబడినవారి కంటికి నిగిరి కూడా ఒక అడ్డదారే.

ఆ తరువాతి కథా అంతే. ట్యూనా చేప పొట్టభాగమైన తోరో నేడు అత్యంత ఖరీదైన ముక్క. కొవ్వెక్కువై త్వరగా పాడవుతుందని ఎదో కాలంలో దాన్ని పారవేసేవారు, మంచు పెట్టెలూ విమానాలూ వచ్చాకే దానికి గిరాకీ పుట్టింది. సాల్మన్ సంగతి మరీ విచిత్రం. పసిఫిక్ సాల్మన్‌లో పరాన్నజీవులు ఉంటాయి గనుక జపనీయులు దాన్ని పచ్చిగా తినేవారు కాదు. 1980లలో నార్వే తన పెంపకపు చేపలకు మార్కెట్టు వెతుక్కుంటూ జపానులో పట్టుబట్టి ప్రచారం చేశాకే ఆ నారింజరంగు ముక్క సుషీ మీదికి ఎక్కింది. మిరపకాయ పోర్చుగీసు ఓడల్లో రాకముందు కూడా తెలుగువారు భోంచేశారు, అయినా మిరప లేని ఆవకాయను నేడెవరూ సంప్రదాయమని ఒప్పుకోరు. హలపేన్యో వేసిన సుషీని చూసి నవ్వబోయే తెలుగువాడు ఈ సంగతి తలచుకోవడం మంచిది.

ఇలాంటి వస్తువును గురించి ఆలోచించడానికి కావలసిన పనిముట్లు బౌద్ధంలో, అందులోనూ తెలుగునేలతో ముడిపడిన బౌద్ధంలో, సిద్ధంగా ఉన్నాయి. శాతవాహన రాజులతోనూ కృష్ణాతీరపు శ్రీపర్వతంతోనూ సంప్రదాయం జతపరిచే ఆచార్య నాగార్జునుడు మూలమధ్యమకకారికల్లో ఎదుర్కొన్న భావన పేరు స్వభావం, అంటే ఇతర కారణాల మీద ఆధారపడక తనంత తానుగా, మార్పు లేకుండా ఉండే సారం. అటువంటిది ఏ వస్తువుకూ లేదని, ప్రతిదీ ప్రతీత్యసముత్పన్నమని, అనగా హేతువులూ వాటికి తోడ్పడే పరిస్థితులూ కూడినప్పుడు పుట్టి అవి విడిపోయినప్పుడు లేకుండా పోయేదేనని ఆయన వాదించాడు. ఈ స్వభావం లేకపోవడానికే ఆయన శూన్యత అని పేరు పెట్టాడు. సరస్సు చేప, వరి, మద్యపు పిప్పి, నార్వే పెంపకాలు, విమానాల సరుకు గదులు, వీటన్నిటినీ ఒక్కొక్కటిగా తొలగిస్తూ పోతే చివరకు ‘సుషీతనం’ అనే గింజ ఏదీ చేతికి దొరకదు.

ఇంతవరకు విని ఫ్యూజన్ పక్షం వారు సంతోషించవచ్చు. సారమే లేనప్పుడు దాని మీద ఏది పోస్తేనేం? నాగార్జునుడు సరిగ్గా ఈ అపార్థాన్నే తన గ్రంథంలోని 24వ ప్రకరణంలో ఎదుర్కొన్నాడు; శూన్యతను తప్పుగా గ్రహించినవాడు పామును తప్పుగా పట్టుకున్నవాడిలా చెడతాడని హెచ్చరించి, సత్యం రెండు విధాలని వివరించాడు. పరమార్థసత్యం దృష్టిలో ఏ వస్తువుకూ స్వభావం లేదు. సంవృతిసత్యం, అంటే లోకవ్యవహారంలో అందరూ ఒప్పుకొని నడుపుకునే సత్యం దృష్టిలో మాత్రం వస్తువులకు పేర్లూ హద్దులూ పనులూ ఉన్నాయి, అవి లేకుంటే పరమార్థాన్ని బోధించడమే కుదరదు. చేప లేకపోయినా సుషీ అవుతుంది గాని వెనిగరు అన్నం లేకుంటే కాదన్న వంటవాళ్ళ కట్టుబాటు అటువంటి సంవృతిసత్యం. దాన్ని మార్చవచ్చు, నలుగురూ ఒప్పుకుంటే మారుతుంది కూడా. ఒకడు తోచినట్టు తుడిచేసినంత మాత్రాన అది చెరిగిపోదు. అంతకన్న ముఖ్యమైన విషయం మరొకటుంది. వస్తువంటే దాని కారణసామగ్రి తప్ప వేరే ఏమీ కాదన్నప్పుడు, ఆ కారణాలను మరచిపోవడం ఆ వస్తువును మరచిపోవడమే అవుతుంది. కనుక ఒక కలగలుపు వంటకాన్ని ‘ఇది అసలుదేనా’ అని నిలదీయడం కన్న ‘దీని కారణాలు దీనికి తెలుసా’ అని అడగడం సమంజసం.

ఈ గీటురాయి మీద రెండు రకాల వంటలు విడివిడిగా తేలుతాయి. నొబుయుకి మత్సుహిసా అనే వంటవాడు టోక్యోలో సుషీ నేర్చి, 1973లో పెరూ దేశపు రాజధాని లిమాకు వెళ్ళాడు. 1899 నుంచి ఆ దేశానికి కూలీలుగా వలసపోయిన జపనీయుల సంతతి అప్పటికే అక్కడ స్థిరపడి ఉంది, ఆ గడ్డమీద పచ్చి చేపను నిమ్మరసంలో ఊరేసి మిరపతో తినే సెవిచే అనే వంటకం ఉంది, జపానులో దొరికే దినుసులు మాత్రం లేవు. ఆ లేమిలోంచీ ఆ పొరుగుదనంలోంచీ ఆయన పద్ధతి పుట్టింది. 1987లో బెవర్లీ హిల్స్‌లో సొంత భోజనశాల తెరిచాక, పచ్చి చేప తినలేక పళ్ళెం వెనక్కి పంపిన అతిథి కోసం ఆలివ్ నూనె, నువ్వుల నూనె కాచి ఆ ముక్కల మీద పోసి, పైపొర మాత్రమే ఉడికేలా చేశాడట; అది తరువాత ఆయన ప్రసిద్ధ వంటకాల్లో ఒకటైంది. ఆ పళ్ళెంలో చేరిన ప్రతిదానికీ ఒక కారణం చెప్పవచ్చు, ఎదుట కూర్చున్న మనిషి భయంతో సహా. లాస్ ఏంజెలెస్‌లో తోరో దొరకనప్పుడు దాని వెన్నలాంటి మెత్తదనం కోసం అవకాడోను వాడిన కాలిఫోర్నియా రోల్ కూడా ఈ కోవలోనిదే. దీనికి భిన్నంగా, అగ్నిపర్వతమనీ డ్రాగన్ అనీ డైనమైట్ అనీ పేర్లు తగిలించుకొని, తియ్యటి సోయా పాకమూ కారపు మయొనేజూ కప్పుకొని వచ్చే రోల్స్ చాలావాటిలో లోపలున్నది ఏ చేపో నాలుకకు తెలియదు, తెలియవలసిన అవసరం ఉందని వండినవాడూ అనుకోడు. ఈ రెండోదాన్ని తప్పుపట్టడానికి సంప్రదాయభంగం అనే నేరం మోపనక్కరలేదు. అది తన కారణాలను కప్పిపెట్టింది, అంతే.

ఆ కారణాల్లో అన్నిటికన్న బరువైనది ఒక ప్రాణి చావు. టోక్యోలో సుకిజి పాత చేపల మార్కెట్టు పక్కన నమియొకే అనే షింటో ఆలయం ఉంది; 17వ శతాబ్దంలో సముద్రాన్ని పూడ్చి నేల చేసుకుంటున్నప్పుడు అలల తాకిడి నుంచి రక్షణ కోరుతూ వెలసిన గుడి అది. దాని ప్రాంగణంలో రొయ్యలకొక శిల, ఆంకో అనే లోతునీటి చేపకొకటి, కోడిగుడ్లకొకటి, సుషీకొకటి నిలిపి ఉన్నాయి. తమ జీవనం కోసం ప్రాణం విడిచిన జీవుల పట్ల కృతజ్ఞతతో, వాటి శాంతి కోసం ఆయా వృత్తులవారు వేయించినవి ఇవి. ఇటువంటి క్రతువును జపనీయులు కుయో అంటారు. టోకు మార్కెట్టు 2018లో తొయొసుకు తరలిపోయినా శిలలు అక్కడే ఉన్నాయి. మొక్కి వెళ్ళి మర్నాడు మళ్ళీ కత్తి పట్టడం ఆత్మవంచన కాదా అని అహింసను పరమధర్మంగా ఎంచే జైనుడు అడిగితే, ఆ ప్రశ్నకు తేలికైన జవాబు లేదు. కుయో హింసను మాపలేదు. హింస జరిగిందన్న మాటను మాత్రం అది ఊరి మధ్య రాతిమీద నిలబెడుతుంది.

ఆదిబౌద్ధపు వినయం, అంటే భిక్షువుల ప్రవర్తనా నియమావళి, ఈ విషయంలో త్రికోటి పరిశుద్ధం (కోటి అంటే ఇక్కడ అంచు, పక్షం) అనే కొలత పెట్టింది: తన కోసమే ఆ ప్రాణిని చంపడం చూడనిది, విననిది, అటువంటి అనుమానానికి తావియ్యనిది అయితే భిక్షలో పడిన మాంసాన్ని భిక్షువు తినవచ్చు. మహాయానంలోని లంకావతార సూత్రం ఈ వెసులుబాటును కూడా ఒప్పుకోక మాంసాన్ని పూర్తిగా నిషేధించింది. జపానులో తెన్ము చక్రవర్తి 675లో ఆవు, గుర్రం, కుక్క, కోతి, కోడి మాంసాలను ఏడాదిలో కొన్ని నెలలపాటు నిషేధించినప్పుడు చేపలను ఆ పట్టికలో చేర్చలేదు. చేప వంటలు ఆ దేశంలో అంతగా పెంపొందడానికి ఈ మినహాయింపూ ఒక కారణమని చెప్పవచ్చు. గాజుతొట్టిలో ఈదుతున్న చేపను అతిథి వేలితో చూపగా అప్పటికప్పుడు కోసి తెచ్చే భోజనశాలను ఈ కొలతతో కొలిస్తే అక్కడ మూడు కోట్లూ ఒకేసారి కూలుతాయి. నియమం భిక్షువులకే గాని గృహస్థులకు కాదన్నది నిజమే. అయినా ఒక వింత మిగులుతుంది. తొట్టి ముందు నిలుచున్నవాడు దోషం చేస్తున్నా తానేమి చేస్తున్నాడో చూస్తున్నాడు, పాకం కింద కప్పిన చేప తిన్నవాడు నియమం ప్రకారం నిర్దోషి అయినా ఏమీ చూడలేదు.

జెన్ ఆచార్యుడు దోగెన్ 13వ శతాబ్దంలో మఠంలో భోజనవిధిని నిర్దేశిస్తూ, చైనా నుంచి వచ్చిన పంచచింతనలను అందులో చేర్చాడు. వాటిలో మొదటిది, ఎదుటనున్న ఆహారం వెనుక ఎంత శ్రమ ఉందో, అది ఎక్కడినుంచి వచ్చిందో తలచుకోవడం. మఠపు గంజికి ఆ ఆలోచన సులభమే. నార్వే చేప, మెక్సికో అవకాడో, కొరియా కిమ్చీ చేరిన ఒక్క రోల్‌కు ఆ చింతన పూర్తి చేయబోతే భోజనవేళ దాటిపోతుంది.

శాకాహారుల విషయంలో ఈ ప్రశ్న మరింత పదునెక్కుతుంది. ఛాందోగ్యోపనిషత్తు ఏడో అధ్యాయం ఆహారశుద్ధి వల్ల అంతఃకరణ శుద్ధి కలుగుతుందని చెబుతుంది. అక్కడి ఆహారమంటే ఇంద్రియాలు గ్రహించే సమస్త విషయాలని, వాటిని రాగద్వేషమోహాలు లేకుండా గ్రహించడమే శుద్ధి అని శంకరులు వ్యాఖ్యానించారు. రామానుజుల సంప్రదాయంలో ఆహారమంటే తినే అన్నమే. శ్రీభాష్యంలో పూర్వుడైన వాక్యకారుని ఆధారంగా వారు జాతి, ఆశ్రయ, నిమిత్త దోషాలు లేని అన్నం తినడాన్ని వివేకమన్నారు. జాతిదోషం పదార్థపు రకాన్ని బట్టి వచ్చేది, ఆశ్రయదోషం అది ఎవరిదన్నదాన్ని బట్టి వచ్చేది, నిమిత్తదోషం ఎంగిలి, వెంట్రుక వంటివి తగలడం వల్ల వచ్చేది. అమెరికాలో గానీ హైదరాబాదులో గానీ ఫ్యూజన్ రెస్టారెంటుకు వెళ్ళిన శాకాహారి తెలుగు కుటుంబం సాధారణంగా దోసకాయ రోల్, మిసో సూప్ చెప్పి నిశ్చింతగా ఉంటుంది. మిసో సోయాచిక్కుడు ముద్దే, కాని ఆ సూప్‌కు ఆధారమైన దాషి అనే రసాన్ని మామూలుగా కొంబు అనే సముద్రపు పాచితోపాటు కత్సువొబుషితో, అంటే పొగబెట్టి ఎండబెట్టిన చేపను చెక్కిన పొరలతో కాస్తారు. కొన్ని శాకాహార రోల్స్‌లో పెట్టే కాంప్యో అచ్చమైన సొరకాయ ఒరుగే అయినా, దాన్ని కూడా చాలాచోట్ల ఆ రసంలోనే ఉడికిస్తారు. జపాను బౌద్ధమఠాల షోజిన్ వంటలో దీనికి బదులు కొంబు, ఎండు పుట్టగొడుగులు వాడతారు గనుక చేప తప్పనిసరి కాదు. ఏది వాడారో పళ్ళెం చూసి మాత్రం చెప్పలేరు.

తెలియక తాగిన ఆ సూప్‌ను రామానుజుల కొలత జాతిదోషమనే అంటుంది, ఎందుకంటే అక్కడ దోషం పదార్థంలో ఉంది. శంకరుల కొలత ఆ రసాన్ని వదిలి తాగేవాడి రాగద్వేషాల వైపు చూస్తుంది. వినయ నియమాన్ని గృహస్థుకు అన్వయిస్తే, చూడలేదు, వినలేదు, అనుమానం కలగలేదు గనుక అతడు నిర్దోషి. ఈ మూడింటిలో ఫ్యూజన్ వంటకు అనుకూలంగా కనిపించేది చివరిదే, కాని ఆ అనుకూలత ఎక్కువకాలం నిలవదు. కత్సువొబుషి సంగతి ఒక్కసారి చెవిన పడ్డవాడికి మూడో కోటి అక్కరకు రాదు. ఆ తరువాత అతడు వడ్డించేవాణ్ణి అడిగి తీరాలి, వడ్డించేవాడికి తెలియకపోతే అతడు వంటింట్లోకి వెళ్ళి కనుక్కొని రావాలి.