శూన్యమును అజ్ఞానమును

వసిష్ఠా గోదావరి సముద్రమును చేరుటకు కొంత యెగువగా నున్న నరసాపురము, పదునేడవ శతాబ్దిలో ఓడలు కట్టు రేవుగా ఐరోపా వర్తకులకు పరిచితమై, తరువాతి కాలమున ఆ ఖండమునకే లేసు నెగుమతి చేయు పట్టణముగా ప్రసిద్ధి కెక్కినది. చుట్టుపట్ల పల్లెలలో స్త్రీలు కొక్కెపుసూదితో నూలుదారమును అల్లి సిద్ధపఱచిన అంచులును, బల్లగుడ్డలును ఏజెంట్ల చేతులమీదుగా వర్తకుల కొట్లకు చేరి, అచటినుండి దేశాంతరములకు పోవును. అట్టి వర్తకునకు జర్మనీనుండి యొక కొనుగోలుపత్రము వచ్చినదనియు, అందు అంచు కొలత కెదురుగా ‘1.250 మీటర్లు’ అని వ్రాసియున్నదనియు ననుకొందము. మన బడులలో లెక్కలు నేర్చినవాడు దానిని ఒకటింబావు మీటరని చదువును. వ్రాసినవాని యుద్దేశము పన్నెండువందల యేబది మీటర్లు. ఏలయన నాతని దేశములో చుక్క వేలను విడదీయును, కామా దశాంశమును తెలుపును. అంకెలు అవియే, వాని వరుసయు నదియే. అయినను నొకని మనస్సునుండి యింకొకని మనస్సునకు చేరునప్పటికి వేయి మడుంగుల భేదము కలిగినది. వ్రాత నొక్కదానినే చూచి వ్రాసినవాని భావమును గ్రహింపగలమా, గ్రహింపలేనినాడు పాఠకుని ధర్మమేమి యను ప్రశ్న తత్త్వవిచారణలో మిక్కిలి ప్రాచీనమైనది. నేడు కంప్యూటరులకు ప్రోగ్రాములు వ్రాయువారు ఆ ప్రశ్ననే దినదినమును, తమకు తెలిసియో తెలియకయో, ఎదుర్కొనుచున్నారు.

మీటలు నొక్కి మనము కంప్యూటరున కందించు అంకెలు మొదట సంఖ్యలు కావు. అవి అక్షరములవంటి గుర్తులు మాత్రమే. వానిని కూడుటకును హెచ్చించుటకును తగిన పూర్ణాంకముగా మార్చుట ప్రోగ్రాము పని. లక్షయిరువదియైదువేలను మనము ‘1,25,000’ అని వ్రాయుదుము. ఇంగ్లండు దేశీయులు ‘125,000’ అనియు, ఫ్రెంచివారు కామాకు మాఱుగా ఖాళీ విడిచియు వ్రాయుదురు. మన వ్రాతను, ప్రోగ్రాములు వ్రాయుటకు వాడు సీ భాషలోని ఏటోఐ యను ప్రమేయమున కిచ్చినచో, అది మొదటి కామాకడనే ఆగిపోయి, ‘ఒకటి’ యని బదులు చెప్పును. జావాస్క్రిప్టు భాషలోని పార్స్‌ఇంట్ కూడ నట్లే ‘ఒకటి’ యని చెప్పును. పైథాను అను భాష మాత్రము ఈ గుర్తు నాకు పొసగదని చెప్పి పని నిలుపును. తెలుగు అంకెలలో ‘౧౨౫’ అని వ్రాసి యిచ్చినచో, యూనికోడులో ఆ గుర్తులకు అంకెలుగా స్థానమున్నందున, పైథాను నూటయిరువదియైదని సరిగా గ్రహించును. జావాస్క్రిప్టు ఇది సంఖ్య కాదనును. ఏటోఐ మాత్రము ‘సున్న’ యని నిశ్చింతగా తేల్చివేయును.

ఈ భేదములు యంత్రముల గుణదోషములుగా మాత్రమే కనబడవచ్చును గాని, వీని మూలము వ్రాతకును సంఖ్యకును గల సంబంధములోనే యున్నది. పాతంజల యోగసూత్రములకు వ్యాసుడు రచించిన భాష్యములో, ఒకే గీత నూఱుల స్థానమున నూఱు, పదుల స్థానమున పది, ఒకట్ల స్థానమున ఒకటి యగునని చెప్పి, ఒకే స్త్రీ యొకరికి తల్లియు, నొకరికి కూతురును, నొకరికి సోదరియు నగునట్లే యిదియునని పోల్చియున్నాడు. గుర్తు తనంతట తాను ఇంతయని చెప్పదు. అది నిలిచిన చోటును, ఆ చోటునకు విలువ నిచ్చిన ఏర్పాటును ఎఱిగినవానికే చెప్పును. శబ్దార్థసంబంధము నిత్యమని మీమాంసకులును, అది సంకేతముచేత నేర్పడునని నైయాయికులును చేసిన వాదము మాటల విషయమున నెట్లు తేలినను, చుక్క కామాల విషయమున నైయాయికుల పక్షమే నిలుచునని నా నమ్మకము. స్థానమును బట్టి విలువ మాఱు పద్ధతి యెల్లరకు సమానమే. ఆ స్థానములను విడదీయు గుర్తు మాత్రము ఏ దేశమువారి సంకేతము ఆ దేశమువారిది.

అట్లయినచో సంకేతము నెఱుగని పాఠకుడు చేయవలసినదేమి? ఇచట భాట్టమీమాంసకులు అనుపలబ్ధి యని పేర్కొన్న ఆఱవ ప్రమాణము నాకు శరణ్యముగా తోచుచున్నది. నేలపై కుండ కనబడలేదు గనుక కుండ లేదని యెఱుగుట అనుపలబ్ధివలన కలుగు జ్ఞానము. కాని శాస్త్రకారులు దానికొక కట్టుబాటు విధించిరి: ఉన్నచో కనబడదగిన పరిస్థితిలో కనబడకున్నప్పుడే లేదనవలెను. చీకటిగదిలో కుండ కనబడలేదని చెప్పువాడు కుండ లేమిని తెలిసికొనలేదు. తన కన్నులకు వెలుగు లేదని మాత్రమే తెలిసికొన్నాడు. దీనినే యోగ్యానుపలబ్ధి యందురు. ఏటోఐ యిచ్చిన సున్న ఈ కట్టుబాటును మీఱిన సున్న. ‘0’ అని వ్రాసి యిచ్చినను అది సున్న యనును, తనకు చదువరాని తెలుగు అంకెలు వ్రాసి యిచ్చినను సున్నయే యనును. ఆ రెండు సున్నలలో నేది నిజముగా శూన్యమో, ఏది చదివినదాని యజ్ఞానమో విడదీసి చూచు మార్గము తరువాతివానికి లేదు. అదే భాషలో ఎస్‌టీఆర్‌టోల్ అను వేఱొక ప్రమేయము తాను చదివినంత విలువతోపాటు ఎచట ఆగినదియు కూడ తెలుపును. ఎచట ఆగితినో చెప్పుట చిన్నపనిగా కనబడును గాని, అజ్ఞానమును అభావముగా చలామణి చేయకుండ కాపాడునది యదియే.

న్యాయదర్శనమున గౌతముడు లెక్కించిన పదునాఱు పదార్థములలో సంశయము మూడవది. ప్రమాణ ప్రమేయముల వెంటనే సంశయమునకు చోటొసగుట నాకెంతో పూజ్యముగా తోచును. సంశయించినవాడు విచారించును, విపర్యయమున పడినవాడు, అనగా ఒకదానిని మఱియొకటిగా నిశ్చయించుకొన్నవాడు, విచారణ ముగిసినదనుకొనును. ఈ కామా నాకు పొసగదని నిలిచిపోవు ప్రోగ్రాము వినియోగించువానికి చికాకు కలిగింపవచ్చును. లక్షయిరువదియైదువేలను ఒకటిగా చదివి ముందునకు సాగిపోవు ప్రోగ్రాము ఏ చికాకును కలిగింపదు. కావుననే దాని యపకారము బయటపడక, లేసును మూటలు కట్టి పంపినవానికిని, దానిని అల్లినవారికిని ముట్టు పైకములో నెప్పుడో తేలును.

లోకమంతయు నొక్కటే రీతిని వ్రాసినచో ఈ తంటా యుండదు గదాయని యడుగవచ్చును. సంఖ్య యొక్కటియే సత్యము, రూపములన్నియు వ్యవహారమాత్రములని వేదాంతపరముగా సమాధానపడుటయు సులభమే. కాని వ్యవహారమును తెలియక పరమార్థమును చేరినవాడు లేడు, ‘1.250’ లోని చుక్కను దాటకుండ పన్నెండువందల యేబదిని ముట్టుటకు వేఱు దారి లేదు. తూనికలు కొలతల అంతర్జాతీయ మహాసభయే 2003లో దశాంశమును చుక్కతో గాని కామాతో గాని తెలుపవచ్చునని నిర్ణయించినది. రెండింటిలో నొకదానిని త్రోసివేయుటకు ఆ సభయే సాహసింపలేదు. గడచిన కాలపు వ్రాతలను తిరిగి వ్రాయుట ఎవరి తరమును గాదు. 1957 ఏప్రిల్ 1న రూపాయి నూఱు నయాపైసలైనది. అంతకుముందు అది పదునాఱణాలు. ఆనాటి చిట్టాలో కూలికెదురుగా 5-8-0 అని యున్నచో, అది అయిదు రూపాయల యెనిమిదణాలు, అనగా అయిదున్నర రూపాయలు. నడుమనున్న అడ్డగీతను దశాంశముగా నెంచి కంప్యూటరున కెక్కించువాడు 5.80 అని వ్రాసి, తాను సత్యమునే నకలు చేసితిననుకొనును. కనుక ఏకరూపత కొఱకు ఎదురుచూచుట పరిష్కారము గాదు. అంకెతోపాటు అది యే దేశపుది, యే కాలపుది, యే యేర్పాటు ననుసరించినది యను సంగతిని కూడ భద్రపఱచుటయే పరిష్కారము. యూనికోడ్ సంస్థ ఆయా భాషల, దేశముల అంకెల ఆచారములను సేకరించి ఒక నిధిగా నిలుపుచున్నది. 2008లో వీసములు మొదలగు తెలుగు భిన్నాంకముల గుర్తులకు కూడ యూనికోడులో స్థానము కల్పించినది. దీనిని కేవలము సాంకేతికసేవగా గాక, పరుని సంకేతము నెడ చూపిన గౌరవముగా నేను భావించుచున్నాను.

ఈ విచారణ నరసాపురమున నింకను లోతునకు పోవును. జర్మను సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ ఇచటి లేసు అల్లు స్త్రీల జీవనమును పరిశీలించి 1982లో నొక గ్రంథమును ప్రకటించినది. దినమునకు గంటలతరబడి అల్లి దేశమునకు విదేశీద్రవ్యము నార్జించు ఆ స్త్రీలు గృహిణులుగానే యెన్నబడిరనియు, వారి శ్రమ తీఱికవేళల కాలక్షేపముగా చూడబడినదనియు ఆమె నిరూపించినది. ఫ్యాక్టరీకి పోయి, గంట మ్రోగినపుడు పని మొదలిడువాడే కార్మికుడను సంకేతముతో చదివినవానికి, ఇంటి అరుగుపై కూర్చుండి అల్లు చేతులలో పని కనబడలేదు. కనబడలేదు గనుక లేదని వ్రాసికొన్నాడు. ఏటోఐ తెలుగు అంకెలకు సున్న యిచ్చిన తీరును, మనుష్యులు ఈ శ్రమకు సున్న యిచ్చిన తీరును నొక్కటియే. ఉన్నచో కనబడునట్టి చూపు తనకు కలదో లేదో యని ముందుగా ప్రశ్నించుకొనక, లేదను మాటను పలికిన దోషమే రెండుచోట్లను గలదు. యంత్రమునకు ఈ దోషము మననుండియే సంక్రమించినది గనుక దీనిని దిద్దుకొనవలసినవారమును మనమే.

కాబట్టి ఇతరుల వ్రాతను చదువు ప్రోగ్రామును నిర్మించువానికి నేను చెప్పదగిన ధర్మములు మూడు. వ్రాసినవాని సంకేతమేదియో యడిగి తెలిసికొనవలెను. తెలిసికొన్నదానిని సంఖ్యతోపాటు భద్రపఱచవలెను. తెలియనిచో సున్నను గాని, తనకు తోచిన విలువను గాని పూరింపక, తెలియలేదని చెప్పి ఆగవలెను. ఈ మూడవది కష్టతరము. ఆగిన ప్రోగ్రామును యజమాని మెచ్చుకొనడు, తెలియలేదన్న గణకునికి బహుమానము లేదు. అయినను ఒకని కష్టార్జితమును వేఱొకని యజ్ఞానము మ్రింగివేయకుండ నిలుపునది ఈ యాగుటయే యైనందున, దీనిని నేర్పరితనమునకు లోటుగా గాక, సత్యవ్రతములో నొక భాగముగా నెంచుట న్యాయము.