ఏడడుగుల సఖ్యము – తొంబది కిలోమీటర్ల పరుగు



మన వివాహములలో మంగళసూత్రధారణ జరిగిన పిమ్మట వధూవరులు అగ్నిసాక్షిగా ఏడడుగులు నడచుట మనమందరము చూచియున్నాము. మొదటి అడుగు అన్నముకొరకు, రెండవది బలముకొరకు, మూడవది వ్రతముకొరకు, తక్కినవి సుఖసంపదలకొరకు. ఏడవ అడుగు పడగానే వరుడు వధువును ‘సఖి’గా స్వీకరించును. సేవకురాలు అనలేదు, ఆశ్రితురాలు అనలేదు. సఖి యని వేదము పలికినది. ఈ సఖ్యము భార్యకెంత విధియో భర్తకును అంతే విధి.

మనము నివసించు ఈ నాటాల్ సీమలో ఇదే మాటను పేరుగా ధరించిన ఒక గొప్ప పరుగు కలదు. అది కామ్రేడ్స్ మారథాన్. కామ్రేడ్ అనగా సఖుడు, సహచరుడు. మొదటి ప్రపంచయుద్ధములో మడిసిన తోటి సైనికుల స్మృతికై విక్ క్లాఫమ్ అను మాజీ సైనికుడు దీనిని 1921లో ప్రారంభించెను. ఆ సంవత్సరము మే 24వ తేదీన పీటర్‌మారిట్జ్‌బర్గ్ నుండి డర్బనుకు 34 మంది బయలుదేరగా 16 మంది మాత్రమే గమ్యము చేరిరి. దూరము సుమారు 90 కిలోమీటర్లు. చాలాకాలము ఈ పరుగు తెల్లజాతి పురుషులకే పరిమితమై, 1975లో సకల జాతులవారికిని, స్త్రీలకును అధికారికముగా తెరువబడినది. తలుపు తెరువబడిన నాటినుండి మన ఇండ్లలోని భర్తలును భార్యలును తెల్లవారకమునుపే లేచి పరుగెత్తుచున్నారు. ఒకరు పరుగెత్తునపుడు ఇంటనున్న రెండవవారి ధర్మమేమి? ఇదియే నేటి మన విచారణ.

“ఇది దేహాభిమానమే గాని ధర్మమెట్లగును?” అని పెద్దలు కొందరు ప్రశ్నింపవచ్చును. సముచితమైన ప్రశ్నయే. వ్రతమునకు సంకల్పము, నియమము, సమాప్తి యను మూడు లక్షణములు కలవు. ఈ సాధనకును అవి మూడును కలవు. అయితే ఒక పరీక్ష మిగిలియున్నది. సాధన సాగినకొలది సాధకుని కోపము తగ్గుచున్నదా, పెరుగుచున్నదా? తగ్గుచున్నచో అది వ్రతము. పెరుగుచున్నచో అది అహంకారము. దీనిని అందరికంటె ముందు గుర్తించునది ఇంటివారే.

మొదటి అడుగు అన్నము. అతిగా తినువానికిని, బొత్తిగా తిననివానికిని, అతిగా నిద్రించువానికిని, నిద్రయే లేనివానికిని యోగము సిద్ధింపదని గీతాచార్యుడు ఆరవ అధ్యాయములో బోధించెను. దూరము పరుగెత్తువానికి ఈ బోధ అక్షరాల వర్తించును. సుదీర్ఘమైన పరుగునకు ముందునాడు అన్నము, పప్పు, ఉడికించిన బంగాళాదుంప వంటి తేలికగా అరుగు ఆహారము పెట్టుట, రాత్రి పెందలకడనే దీపమార్పుట, శనివారపు విందునకు “మేము రాలేము” అని బంధువులకు తానే చెప్పుట – ఇవి చిన్న పనులుగా తోచును. కాని వ్రతము నిలుచునది వీనిపైననే.

రెండవ అడుగు బలము. సుందరకాండలో హనుమంతుడు సముద్రమును లంఘించుచుండగా మైనాకుడు నీటినుండి పైకి లేచి, “క్షణకాలము విశ్రమింపుము” అని కోరెను. హనుమంతుడు చేతితో తాకి, ఆ ఆదరమును గ్రహించి, ఆగక సాగిపోయెను. మైనాకుడు అలుగలేదు. డ్రమ్మండ్ వద్దనో, ఇంచాంగా కొండ దిగువనో, పోలీ షార్ట్స్ ఎత్తు మొదటనో గంటలకొలది నిలిచియుండు భార్యగాని భర్తగాని ఈ మైనాకుని తలచుకొనవలెను. మీరు నాలుగు గంటలు ఎదురుచూచిన మనిషి మీ చేతిలోని అరటిపండు తీసికొని, మీ ముఖమువైపు సరిగా చూడకనే పోవచ్చును. అది నిరాదరణ కాదు. ఆ స్పర్శయే ఆయనకు బలము.

మూడవ అడుగు వ్రతరక్షణ. రక్షించుట యనగా ఎల్లవేళల “పరుగెత్తుము” అని ప్రోత్సహించుట కాదు. జ్వరముతో పరుగెత్తినచో గుండెకు ముప్పు కలదు. ఒడలెండిన వేళ నొప్పిమాత్రలు మ్రింగినచో మూత్రపిండములకు ముప్పు కలదు. నీరు తక్కువైనను హాని, మితిమీరినను హాని. 1981 నాటి కామ్రేడ్స్ పరుగులో ఒక స్త్రీ అతిగా ద్రవములు త్రాగుటచేత రక్తములోని ఉప్పు పలుచబడి అస్వస్థురాలగుటను దక్షిణాఫ్రికా వైద్యుడు టిమ్ నోక్స్ పరిశీలించి లోకమునకు తెలియజేసెను. కనుక “నేడు వద్దు, పడుకొనుము” అని చెప్పగల ధైర్యము సఖునికుండవలెను. ఆ మాటను వినగల వినయము సాధకునికుండవలెను.

ఇంతవరకు తోడుండువారి ధర్మమును చెప్పితిని. ఇక పరుగెత్తువారి ఋణమును చెప్పవలెను. లక్ష్మణుడు పదునాలుగేండ్లు అడవిలో మేల్కొనియుండగా ఊర్మిళ అతని నిద్రను కూడ తానే నిద్రించినదని మన తెలుగు స్త్రీల పాటలలో పరంపరగా చెప్పుకొందురు. లక్ష్మణుని జాగరణమును లోకము కీర్తించినది. ఊర్మిళను ఇంటి ఆడువారు మాత్రమే పాడుకొనిరి. సోదరులారా! మీరు ఉదయము నాలుగు గంటలకు లేచిపోయినపుడు ఏడ్చు బిడ్డను ఊరడించినదెవరు? శ్రీరామనవమి తరచు సాధన ముమ్మరముగా నుండు వారములలోనే వచ్చును. ఆనాడు భజనకు పిల్లలను తీసికొనిపోయినదెవరు? మీరు నడచిన కిలోమీటర్లను పుస్తకములో వ్రాసికొనుచున్నారు గదా. ఆమె గంటలను కూడ లెక్కింపుడు. భార్య పరుగెత్తునపుడు భర్త వంటయింటిలోనికి పోవుట ఉపకారము కాదు, ఏడడుగులనాటి ఒప్పందమే. వారమున కొక దినమైనను పరుగు మాట యెత్తక కలిసి కూర్చుండి భుజింపుడు. పతకము ఒకరి మెడలో పడును, శ్రమ ఇద్దరిది.

ఇక తుది ఘట్టము. నేటి నియమము ప్రకారము గడువు 12 గంటలు. గడువు ముగియుచుండగా అధికారి వచ్చువారికి వీపు త్రిప్పి నిలిచి తుపాకి ప్రేల్చును. ఒక్క క్షణము వెనుకబడినవానికిని పతకము లేదు. ఆరునెలల సాధన ఆ ప్రేలుడుతో ముగియును. ఆ సమయమున మీవారు గీతకు అవతల కూలబడినచో ఏమందురు? “నేను ముందే చెప్పితిని” అనకుడు. “వచ్చే యేడు చూచుకొందము” అనియు తొందరపడకుడు. భుజముపై దుప్పటి కప్పి, ప్రక్కన కూర్చుండుడు. కర్మమునందే అధికారము గాని ఫలమునందు కాదను వాక్యమును వల్లించుట సులభము. ఆ సాయంకాలము దానిని మౌనముగా ఆచరించి చూపుటయే సఖ్యము.

మన పూర్వులు 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో ఓడ ఈ రేవు చేరిన నాటినుండి, అయిదేండ్ల ఒప్పందములపై వచ్చి చెరకు తోటలలో శ్రమించిరి. 1911 వరకు లక్షన్నరకు పైగా జనము వచ్చిరి. వారి దూరమునకు మైలురాళ్లు లేవు, త్రోవప్రక్కన నీరందించువారు లేరు. ఒకరికొకరు తోడై నిలిచినవారే ఇండ్లు కట్టిరి, గుడులు కట్టిరి, రామభజనను మనకందించిరి. ఆ తోడ్పాటే మనకు వారసత్వము. ఇంట ఒకరు ఏ మంచి సంకల్పము పూనినను, అది పరుగు కానిండు, చదువు కానిండు, రెండవవారు మైనాకునివలె లేచి నిలువవలెను. మొదటివారు ఊర్మిళను మరువకుండవలెను.

శ్రీ సీతారామచంద్రులు మన దంపతులకు ఇట్టి సఖ్యమును, ఆరోగ్యమును, దీర్ఘమార్గమును నడచు ఓర్పును అనుగ్రహింతురు గాక!

స్వస్తి.